దీర్ఘం లేని విమానం

అచ్చాఫీసులో ఆమెను అందరూ దిద్దుబాటక్క అనేవారు. పాఠ్యపుస్తకాలు, క్యాలెండర్లు, మందుల డబ్బాల్లో మడిచిపెట్టే చీమ తలకాయంత అక్షరాల కాగితాలు, ఏది అచ్చుకు వెళ్లాలన్నా ముందు ఆమె బల్ల మీదికి రావాల్సిందే. ఇరవై ఆరేళ్లుగా ఎర్రకలం పట్టుకుని ఒత్తులూ పొల్లులూ ఏరుతూ కూర్చున్న మనిషి. ఒకరోజు నంబరు కనిపించక వరసగా మూడు బస్సులు వదిలేసుకున్నాక, ఇక లాభం లేదని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"మూరెడు దూరం దాటి మీ కళ్లు ఎక్కడికీ పోవడం లేదమ్మా," అన్నాడాయన. "రోజుకో అరగంట దూరంగా దేన్నైనా చూడండి. ఏదైనా సరే."

వాళ్ల వీధిలో దూరమంటూ ఉంటేగా! కిటికీ తీస్తే ఎదురింటి గోడ, తలుపు తీస్తే పక్కింటి మెట్లు. మిగిలింది డాబా. డాబా ఎక్కితే ఆకాశం, ఆ ఆకాశంలో ఊరి చివరి విమానాశ్రయానికి వాలుగా దిగుతూ, ఇంటికి కాస్త పక్కగా పోయే విమానాలు.

వారం రోజులు ఉత్త కళ్లతో చూసింది. తర్వాత పాత సామాన్ల కొట్లో బైనాక్యులర్స్ ఒకటి కొనుక్కుంది. దాని మర తిప్పాలంటే రెండు చేతుల బలమూ కావాలి. మొదటిసారి అందులోంచి చూసినప్పుడు తెల్లటి విమానం మీద, తోక దగ్గర, నల్లగా నంబరు కనిపించింది. "అంతెత్తున కూడా అక్షరాలేనా!" అని ఒక్కతే పకపకా నవ్వింది. ఆ రోజే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టింది. తేదీ, టైము, కంపెనీ, నంబరు, రంగు, విమానం మీద రాసిన మాటలు. ఏడాది తిరిగేసరికి ఏ విమానం ఎప్పుడొస్తుందో, ఏది రంగు మార్చుకుందో ఆమెకు కొట్టిన పిండి అయిపోయింది.

అత్తగారికి మాత్రం ఇదంతా బొత్తిగా నచ్చలేదు.

"ఆ జంట గొట్టాలు పెట్టుకుని పక్కింటి కిటికీల్లోకి చూస్తున్నావని అనుకోరుటే?"

"పక్కింట్లో చూడటానికి ఏముంది అత్తయ్యా? ఇదిగో, మీరూ ఒకసారి చూడండి."

ఆవిడ మూతి తిప్పుకుంటూనే తీసుకుంది. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద విమానం పొట్ట తలుపులు తెరిచి చక్రాలు దించింది. "ఓసినీ! కాళ్లు చాపిందే!" అని ఆవిడ చిన్నపిల్లలా గంతేసినంత పని చేసింది. మర్నాటి నుంచి కోడలి కంటే ముందు డాబా మీద కుర్చీ వేసుకుని తయారు. అరగంట కాస్తా గంటన్నర అయింది. భోజనం ఎప్పుడని కొడుకు మెట్ల మీద నుంచి కేకేస్తే, "గిన్నెలు అక్కడే ఉన్నాయి, వడ్డించుకోరా," అని ఆవిడే బదులిచ్చేది.

ఒక సెలవురోజు పొద్దున పసుపురంగు విమానమొకటి దిగుతోంది. ఆ కంపెనీ విమానాల మీద కిటికీల కింద బారెడంత అక్షరాలతో 'ఆకాశమే మా దారి' అని ఉంటుంది. దిద్దుబాటక్క చూస్తూ చూస్తూ ఒక్కసారిగా కెవ్వుమంది.

"అత్తయ్యా! దీర్ఘం పోయింది!"

అత్తగారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఎక్కడ పడిందే? మన మీద కాదుగా?"

"అయ్యో, అది విమానం భాగం కాదు! 'దారి'లో దీర్ఘం రాయలేదు. 'ఆకాశమే మా దరి' అని ఉంది!"

ఆ రోజు అన్నం సయించలేదామెకు. వేల మంది ఎక్కి దిగే విమానం, దాని మీద తప్పు! కంపెనీకి ఉత్తరం రాసింది: మీ ఫలానా నంబరు విమానం మీద దీర్ఘం పోయింది, దయచేసి గమనించగలరు. పది రోజులకు జవాబు వచ్చింది. 'మా విమానంలో మీ దీర్ఘం పోయినందుకు చింతిస్తున్నాము. దాని రంగు, బరువు, కొలతలు తెలియజేస్తే వెతికించి మీ ఇంటికి చేర్చగలము.'

ఆమె గట్టిగా చదివి వినిపిస్తుంటే భర్త నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అత్తగారు మాత్రం నడుం బిగించింది. "పద, మనమే వెళ్లి చెబుదాం."

విమానాశ్రయంలో ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లారు. అక్కడి అధికారి మర్యాదస్తుడే. అంతా విని, చిన్నగా నవ్వాడు.

"తప్పు కాదండీ అది. దరి అంటే తీరం కదా. ఆకాశమే మా తీరం అని. కవిత్వం! మా వాళ్లందరికీ తెగ నచ్చింది."

"కవిత్వమైతే ఒక్క విమానం మీదే ఎందుకుంటుందండీ?" అంటూ ఆమె నోటుపుస్తకం తెరిచింది. "మీవి ఇక్కడికి వచ్చేవి ఆరు. ఐదింటి మీద 'దారి' అనే ఉంది. ఇదిగో నంబర్లు. ఈ ఆరోది పోయిన నెల రంగు వేయించుకుని వచ్చింది. పదకొండు దాటి పది నిమిషాలకు దిగుతుంది, మీరే చూడండి."

ఆయన గడియారం చూసుకున్నాడు. ముగ్గురూ పెద్ద అద్దాల గోడ దగ్గర నిలబడ్డారు. ముందు 'దారి' ఉన్నదొకటి వచ్చి ఆగింది. దాని పక్కనే 'దరి' వచ్చి చేరింది. అధికారి బైనాక్యులర్స్‌లోంచి అటొకసారి ఇటొకసారి చూశాడు. కాసేపటికి నవ్వుతో ఆయన భుజాలు కదలడం మొదలైంది. కళ్లు తుడుచుకుంటూ, "రెండు వారాలుగా దీన్ని మెచ్చుకుంటున్నానమ్మా నేను," అన్నాడు.

ఆ బుధవారం షెడ్డులో దీర్ఘం పెడుతున్నామని, వచ్చి చూడమని కబురు చేశాడు. ఇద్దరూ వెళ్లారు. రంగులేసే మేస్త్రి ఆమెను పైకి లేచే బల్ల మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు.

"ఎక్కడ పెట్టమంటారక్కా?"

ఆమె పెన్సిలుతో గుర్తు పెట్టింది. తర్వాత ఆ పసుపు రేకు మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా, నున్నగా, అక్కడక్కడ మేకుల తలలు వరసగా. నోటుపుస్తకంలో ఇరవై మూడుసార్లు రాసుకున్న విమానం. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మేస్త్రి చూడనట్టుగా రంగు కలుపుకుంటూ ఉండిపోయాడు.

దిగాక అధికారి అన్నాడు: "కంపెనీ తరఫున మీ ఇంట్లో ఇద్దరికి ఒక ప్రయాణం ఏర్పాటు చేస్తామండీ. ఎక్కడికి వెళ్తారు?"

"నాకొద్దండీ. లోపల కూర్చుంటే విమానం కనపడదు కదా."

"దీని మాటకేం గాని," అంది అత్తగారు ముందుకొచ్చి, "నేనూ మా అబ్బాయీ వెళ్తాం. కిటికీ పక్కన నాకు."

అలా తల్లీకొడుకులు పక్క రాష్ట్రానికి వెళ్లి, మూడోరోజు పొద్దున తిరిగి వచ్చారు. దిద్దుబాటక్క ఆఫీసుకు సెలవు పెట్టి డాబా మీద నిలబడింది. వెలుగులో పసుపురంగు మెరుస్తూ విమానం దిగుతుంటే అక్షరాలన్నీ సరిచూసి, నోటుపుస్తకంలో నంబరు పక్కన 'లోపల: అత్తయ్య, ఆయన' అని రాసుకుంది.

రెండు గంటల తర్వాత అత్తగారు ఇంట్లోకి వస్తూనే చెప్పులు కూడా విడవకుండా అందుకుంది. "పైనుంచి మన డాబా కనపడిందే! నువ్వు చెయ్యి ఊపుతూనే ఉన్నావు. నేనూ ఊపాను."

"నేను ఊపలేదు అత్తయ్యా. నా రెండు చేతులూ బైనాక్యులర్స్ మీదే ఉన్నాయి."

అత్తగారు అప్పుడు చెప్పులు విడిచింది.

"అయితే పక్కింటావిడ బట్టలారేస్తున్నట్టుంది. పోనీలే, మంచావిడ. రేపు ఆవిడకీ ఒక కుర్చీ వెయ్యి."