మేడమీద మేరీ, వంటింట్లో రోజీ

అరబ్బు దేశంలో, జహ్రాలోని ఆ ఇంట్లో మేడ తుడిచే మనిషి పేరు మేరీ, వంటింటి మనిషి పేరు రోజీ. ఎప్పుడో మొదట వచ్చిన ఇద్దరు పనిమనుషుల పేర్లవి. వాళ్లు వెళ్లిపోయినా పేర్లు మాత్రం చీపురూ గరిటెలతో పాటు ఇంట్లోనే ఉండిపోయాయి. రాయచోటి సూరాయమ్మ నాలుగేళ్లు మేరీగా తుడిచి, ఎనిమిదేళ్లుగా రోజీగా వండుతోంది. దాన్ని ప్రమోషన్ అనుకుని ఊరికి ఫోన్ చేసి మురిసిపోయింది కూడా!

ఈ ఏడు ఇథియోపియా నుంచి కొత్త మేరీ వచ్చింది. పిలిస్తే పలకదు. "నా పేరు కాసెచ్" అంటుంది, అంతే. చెవుడో పొగరో, వారంలో మారకపోతే పనికి కుదిర్చిన ఆఫీసుకు తిప్పి పంపేస్తానంది, పనివాళ్లంతా ‘మామా’ అని పిలిచే యజమానురాలు. అక్కణ్ణుంచి ఆ పిల్ల ఇంకే కొంపలో పడుతుందో!

"పలికితే నీ సొమ్మేం పోతాదే?" అని వచ్చీరాని అరబీలో సూరాయమ్మే కసిరింది.

కాసెచ్ చీపురు పక్కన పెట్టింది. తనకు ముందు పుట్టిన అక్క పాలు తాగే వయసులోనే పోయిందట. తరువాత తను పుడితే, పోయినదాని లోటు తీర్చిందని అమ్మ ఈ పేరు పెట్టిందట. వాళ్ల భాషలో కాసెచ్ అంటే అదే.

"వేరే పేరుకు పలికితే మా అక్క మళ్లీ పోయినట్టే" అంది.

సూరాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టిన కొడుకైనా బతకాలని ఆమె వాణ్ణి చెత్తకుప్ప మీద పడుకోబెట్టింది. పొరుగామె ఎత్తుకుంటే చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. కుప్పయ్య అని పేరు పెట్టుకుంది. ఆ పేరు విని ఎవరైనా నవ్వితే మీదపడి కరిచినంత పని చేసేది. మరి తన పేరో? పన్నెండేళ్లు ఎవరో పాత పనిమనుషుల పేర్లకు పరుగులు పెట్టింది. మామా మీద ఎంత కోపమో, తన మీద తనకూ అంతే.

"మేరీ!" మేడమీంచి కేక వచ్చింది. ఇద్దరూ కదలలేదు. "రోజీ!" అని మరో కేక. సూరాయమ్మ కాసెచ్ చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడింది.

మామా విసవిసా మెట్లు దిగి వచ్చింది. "ఖలాస్! దీన్ని ఇవాళే పంపేస్తా" అని ఫోన్ తీసింది.

"ఈ పిల్ల పేరు కాసెచ్, మామా. అట్ల పిలిస్తే పలుకుతాది. పంపేటట్టయితే నన్ను గూడా పంపించు. నేనూ రోజీని కాదు" అంది సూరాయమ్మ.

ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. పన్నెండేళ్లు తన పిల్లల్ని సూరాయమ్మ చంకనేసి పెంచుకున్న ఆ ఇల్లాలు, అప్పుడు నిజంగానే తెలియక అడిగింది:

"మరి నీ పేరేంటి?"