కోసిగిలో నేనాడిన ఉల్క బేరం

నవ్వుకునేవాళ్లు ముందే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వినారంటే టీ గ్లాసు ఆడ పెట్టి లేచిపోతా. నాకింకా మంట తగ్గలేదు. పోయిన నెలలో కోసిగి కాడ నేను చేసి వచ్చిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ పండ్లు కొరుక్కుంటాండా. ఎవరి మీద కోపమంటారా? అందరి మీదా. మా ఆయన మీద, ఆదోనిలో ఉండే మా తమ్ముని మీద, ఒక మేస్త్రీ మీద, అసలు బేరమనేది కనిపెట్టినోని మీద. నా నోటి మీద ఉండే కోపమైతే చెప్పనలవి కాదు.

మాది రాజంపేటలో స్టీలు సామాన్ల అంగడి, మీకు తెలిసిందే. పాత ఇత్తడి, రాగి, ఇనుము తెచ్చిస్తే తూకమేసుకొని కొత్త స్టీలు ఇస్తాం. అట్లా ఒకసారి పాత ఇనుములో ఒక చిన్న నల్లరాయి కలిసి వచ్చింది. మాగ్నెట్ పెడితే టక్కున పట్టుకుంది. కడపలో జియాలజీ చెప్పే లెక్చరరు ఒకాయన చూసి, అమ్మా ఇది ఉల్క, ఆకాశం నుంచి పడింది అన్నాడు. ఇంగ అంతే, నాకు పిచ్చి పట్టుకుంది. మిగతా ఆడోళ్లు చీరలు కొంటాంటే నేను ఇంటర్నెట్ సెంటర్లో కూర్చొని ఉల్కలు కొంటా. యాడెవడో అమ్ముతాడు, నేను పోస్టులో తెప్పించుకుంటా. అవన్నీ టిఫిన్ క్యారియర్ల పక్కన అద్దాల బీరువాలో పెట్టుకున్నా.

ఏముండాయి అందులో? చింతగింజంతవి, రేగ్గాయంతవి, అన్నీ ముక్కలే. ఒకటైతే ఉల్కే కాదు. కొలిమిలో ఇనుము కాల్చినాక మిగుల్తాది చూడు చిట్టెం, దాన్ని తళతళా తుడిచి నాకు అంటగట్టినాడు ఒక దొంగ సచ్చినోడు. ఆ సంగతి ఊరంతా తెలిసిపాయ. అప్పటి నుంచి నా పేరు రాళ్ల పద్మమ్మ. గిన్నెలు కొననీకొచ్చినోళ్లు బీరువా చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని పోతారు. నాకు ఒకటే పంతం. ఒక్క నిండు రాయి, పడేటప్పుడు కండ్లతో చూసినోళ్లు ఉండే రాయి, నా బీరువాలోకి రావాల. అప్పుడు ఈ ఊర్లో ఒక్కొక్కరి మూతులు మూయిస్తా అని.

అట్లాంటప్పుడు మా తమ్ముడు ఫోన్ చేసినాడు. కోసిగి పక్కన ఒక పల్లెలో ఈరన్న అనే రైతు చేలో పోయిన ఏడు చుక్క రాలి పడిందంట. వాళ్లమ్మ చూసిందంట. రాయి ఇంట్లోనే ఉండాదంట. తెల్లారేసరికి అంగడి మూసి, మా ఆయన్ని లాక్కొని ప్యాసింజరు ఎక్కినా.

ఇప్పుడు మా ఆయన సంగతి చెప్పాల. శానా మంచోడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. ఏది చూసినా బాగుండాది అంటాడు. వంకాయలు కొనేటప్పుడు బాగుండాయి అంటాడు, చీర కొనేటప్పుడు బాగుండాది అంటాడు, ఇంగ అమ్మేవాడు ధర తగ్గిస్తాడా? మా నాయన నాకు చిన్నప్పుడే నేర్పించినాడు, కొనే సరుకును మెచ్చుకుంటే నీ చేత్తో నువ్వే ధర పెంచినట్లని. లోపల ఎంత ఆశ ఉంటే మొగం అంత చేదుగా పెట్టాల. రాజంపేటలో నా బేరానికి భయపడని అంగడోడు లేడు. అందుకే రైలు దిగేదాకా మా ఆయనకు ఒకటే పాఠం చెప్పినా, ఆ రాయి చూసినాక నువ్వు నోరు తెరవద్దు అని. సరే సరే అన్నాడు.

ఎండ నిప్పులు కక్కుతాండాది. ఈరన్న వాళ్లు గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే మిరపకాయలు కోసే వలస కూలికి, పోయి అప్పుడే వచ్చినారంట. సంపాదించుకొచ్చిన దుడ్లతో పాత కొట్టం పక్కనే కొత్తిల్లు మొదలుపెట్టినారు. పునాదులకు కాలవలు తవ్వి పెట్టినారు. మమ్మల్ని చూసి మంచం వాల్చినారు, మజ్జిగ ఇచ్చినారు. ఆయమ్మ, అంటే ఈరన్న తల్లి, లోపలికి పోయి పాత చీరలో చుట్టిన మూట ఎత్తుకొని వచ్చింది.

మూట విప్పినారు.

చిన్న గుమ్మడికాయంత ఉండాది. పైన నల్లగా కాలిన తోలు, దాని మీద వేలితో ఒత్తినట్లు గుంటలు. ఒక్క పెచ్చు కూడా లేచిపోలేదు. బ్యాగులో నుంచి మాగ్నెట్ తీసి ఆనిస్తే గట్టిగా పట్టేసుకుంది. చేదు మొగం పెడదామని నేను తంటాలు పడతాండా, అప్పుడు అన్నాడు మా ఆయన.

"అబ్బ, ఎంత బాగుండాదో."

తొడ మీద గిచ్చినా. ఎర్రగా కమిలిపోయిందని మూడు రోజులు చూపించినాడులే. కానీ మాట అయితే బయటపడిపాయ. ఇంగ దాన్ని కడిగెయ్యాల. అంటే నేను ఎప్పుడూ తిట్టేదానికంటే రెండింతలు తిట్టాల.

ఈరన్న నా పక్కనే కింద కూర్చున్నాడు. చుక్కేనా అక్కా అని అడిగినాడు. ఊర్లో వాళ్లమ్మను చూసి అందరూ నవ్వుతాండారంట, చుక్కల ముసిల్ది అని పిలుస్తాండారంట. సదువుకున్నోళ్లు ఎవరన్నా వచ్చి చెప్తారని ఏడాదిగా కాచుకోని ఉండాడంట. ఆ మాట వినైనా నాకు బుద్ధి రావాల గదా. రాలేదు. నా కంటికి బేరం తప్ప ఇంకోటి కనపడలేదు.

"యాడి చుక్కప్పా ఇది? కొలిమి చిట్టెం. మా దిక్కు ఇట్లాంటివి గుంతలు పూడ్చనీకి వేస్తారు" అన్నా.

ఆ అవ్వ ఒప్పుకోలేదు. మబ్బు లేదు, వాన లేదు, ఉరిమినట్లు సప్పుడైంది, శనగచేలో మన్ను లేచింది, నా కండ్లతో చూసినా అంటాది. ఎండకు అట్ల కనపడింటాదిలే అవ్వా, పెద్ద వయసు గదా అన్నా. అన్నా చూడండి ఆ మాట, నా నోట్లో మన్నుబడ. ఈరన్న మొగం చిన్నబోయింది. నేను లోపల సంబరపడతాండా, ధర దిగుతాంది అని!

సరే, ఇంత దూరం వచ్చినాం, ఏదో కాగితాల మీద బరువు పెట్టుకుంటా, ఇంత తీసుకోని ఇచ్చెయ్ అని ఒక పనికిమాలిన ధర చెప్పినా. ఈరన్న వాళ్లమ్మ దిక్కు చూసినాడు. అవ్వ మూట మళ్లీ కట్టేసి, ఉత్తదైనా నాదే, ఇయ్యను అనింది. అప్పుడు నా ఆఖరి అస్త్రం బయటికి తీసినా. బేరం కుదరకపోతే లేచి నడవడం. నాలుగు అడుగులు వేస్తే వెనక నుంచి పిలుస్తారు, రామ్మా రామ్మా అని. ఏ ఊరి అంగడిలోనైనా ఇదే జరుగుతాది.

"వద్దులే అవ్వా, నీ దగ్గరే పెట్టుకో. పునాదిలో వేసుకోండి, గట్టిగా ఉంటాది. దీనికి అంతకు మించి పనిలేదు" అన్నా. ఫోన్ నంబరుండే మా అంగడి కార్డు ఒకటి మంచం మీద పడేసి లేచినా.

నాలుగు అడుగులు వేసినా. ఎవురూ పిలవలేదు. చెప్పు సర్దుకుంటాన్నట్లు నిలబడినా. పిలవలేదు. వీధి చివర దాకా పోయి, నీళ్ల కోసమని ఆగినా. ఒక కుక్క నా దిక్కు చూసి మళ్లీ పండుకునింది. మా ఆయన చెప్తానే ఉండాడు, వెనక్కి పోదాం పద్మా, నిజం చెప్పి న్యాయమైన ధరకు అడుగుదాం అని. నువ్వు గమ్మునుండు, బేరం మాగాల, వాళ్లే ఫోన్ చేస్తారు అన్నా.

ఫోన్ రాలేదు. అంగడిలో ఫోన్ మోగితే గిన్నెలు పడేసి పరిగెత్తేదాన్ని, తీరా చూస్తే ఎవరో పెండ్లికి గంగాళాలు కావాలని. నిద్ర పట్టేది కాదు. ఇట్ల లాభం లేదని, అవ్వ మెత్తబడుతాదని ఒక ప్రెషర్ కుక్కర్ ప్యాక్ చేసుకొని, ఈసారి అడిగినంత ఇచ్చేద్దామని, మళ్లీ ఆయన్ని తీసుకొని రైలెక్కినా.

పోయేసరికి కొత్తిల్లు గోడలు మనిషెత్తు లేచినాయి. ఈరన్న నన్ను చూసి సంతోషంగా ఎదురొచ్చినాడు. నువ్వు చెప్పినట్లే చేసినా అక్కా అన్నాడు.

ఏం చేసినావప్పా అంటే చెయ్యి పట్టుకోని పోయి వంటిల్లు వచ్చే మూల చూపించినాడు. పునాదిలో సందు పడితే, ఇంట్లోనే ఉంటాది గదా అని అవ్వ ఒప్పుకుంటే ఆ రాయి తెచ్చి వేసినారంట. గోడ మీద కూర్చున్న మేస్త్రీ అందుకున్నాడు, బలే రాయమ్మా, పగలగొడదామని కొడితే సమ్మెట పిడి ఇరిగింది గాని రాయి పగల్లేదు, అట్లే వేసి కాంక్రీటు పోసేసినాం అని. ఎంత మురిపెంగా చెప్తాండాడో. వాని మొగం మీద ఒక తట్ట ఇసక కుమ్మరిద్దాం అనిపించింది.

నేను ఇసక కుప్ప మీద కూలబడినా. ఆ తర్వాత ఏం మాట్లాడినానో నాకే సరిగ్గా గుర్తులేదు. అరిచినా. అది చిట్టెం కాదు, ఉల్కే, నిజంగా ఆకాశం నుంచి పడిందే, ధర తగ్గించనీకి నేను అబద్ధం చెప్పినా, ఎవరో వచ్చి ఏదో వాగితే నమ్మేస్తారా, బుద్ధి లేదా అని ఈరన్న మీదకే ఎగిరినా. తప్పు నాది, తిట్లు ఆయనకు. ఈరన్నకు కోపం రాలేదు. నిదానంగా అన్నాడు.

"సదువుకున్న దానివి. అంత దూరం నుంచి రైలెక్కి వచ్చి చెప్పినావు. నమ్మకుండా ఎట్లుంటాం అక్కా?"

నా నోరు మూతబడింది. పుట్టినప్పటి నుంచి దాన్ని మూయించినోడు ఈరన్న ఒక్కడే. సిగ్గుతో చచ్చిపోతాండా, పైకి మాత్రం ఇంకా బుసలు కొడతాండా.

ఇంతలో అవ్వ. నా మాటలన్నీ గడపలో నిలబడి విన్నింది. గబగబా వీధిలోకి పోయింది. ప్రతి ఇంటి ముందరా నిలబడి, విన్నారా, రాజంపేట నుంచి ఆయమ్మ వచ్చి చెప్పింది, చుక్కేనంట, నేను చూసింది నిజమేనంట అని చెప్పుకుంటా పోయింది. జనమంతా వచ్చేసినారు. ఏడాది పొడుగునా ఆమెను చూసి నవ్వినోళ్లు వంటింటి మూలలో నిలబడి గోడ తడిమి చూస్తాండారు. ఒక్కడు కూడా నవ్వలేదు. నేను ఏండ్ల తరబడి రాజంపేటలో మూయించలేని మూతులను ఆ అవ్వ కోసిగిలో పొద్దు గూకేలోపల మూయించింది, అదీ నేను చెప్పిన మాటతోనే. కుళ్లు పుట్టదా చెప్పండి?

ఆఖరి ఆశ. ఆ మూల తవ్వి తీస్తే ఎంతవుతాదో అంతా నేనిస్తా, మళ్లీ గోడ కట్టిస్తా అన్నా. మేస్త్రీ తల అడ్డంగా ఊపినాడు, రెండు గోడలు నెర్రెలిస్తాయి, నావల్ల కాదు అన్నాడు. అవ్వ వచ్చి నా గడ్డం పట్టుకునింది. ఇంట్లో ఉంటే ఎప్పుడో అప్పుడు ఎవడో ఒకడు ఎత్తుకుపోయేవాడు, కదలకుండా నా ఇంటి కిందనే పెట్టించినావు, నీ కడుపు సల్లగుండ అని దీవించింది. ఒక మనిషికి అంత కోపంలో దీవెన తీసుకోవాల్సి రావడం ఎంత నరకమో మీకు తెలీదు. పైగా కొర్రన్నం పెట్టినారు, బొట్టు పెట్టి రవికె గుడ్డ ఇచ్చినారు. కుక్కర్ ఆడనే ఇచ్చేసి వచ్చినా, ఇంక దాన్ని మోసుకొచ్చే ఓపిక యాడుంది? దారి పొడుగునా మా ఆయన ఒక్క మాట అనలేదు. దానికి కూడా ఆయన్ని తిట్టినా.

ఇప్పుడు ఊర్లో అందరికీ ఇదే పని. ఏం పద్మమ్మా, రాయి తెచ్చినావా, బీరువాలో కనపడదే అని. చెప్తాండాలే. నా ఉల్కలన్నిటిలోకి పెద్దది కోసిగి కాడ ఉండాది. చూడాలంటే ఈరన్న ఇంటికి పోయి, చెప్పులు బయట విడిచి, వంటింట్లో నేల చూసి రావాల.