సున్నా నుంచి లెక్కపెట్టే బావ

ఉదయం ఏడు ఇరవైకి కోరుట్ల బస్టాండులో మా బావ నా గ్లాసులో చాయ్ కూడా తాగేశాడు. కావాలని కాదు, వాదిస్తూ తాగాడు. ఆ రోజుల్లో అతను వాదిస్తున్నప్పుడు చేతికి ఏది అందితే అది అతనిదే. (కాలికి అందినవి కూడా, నా చెప్పులతో వెళ్లిపోయిన రోజులున్నాయి.) బావంటే మేనత్త కొడుకు, నాకన్నా ఏడాది పెద్ద. సొంతూరు సిరిసిల్ల, ఇంట్లో మరమగ్గాలు. జగిత్యాలలో ఇద్దరం కంప్యూటర్ కోర్సులో చేరాం కాబట్టి కోరుట్లలో మా ఇంట్లోనే ఉండేవాడు. కంప్యూటర్ భాషల్లో నేను కోబాల్ పక్షం, అతను సి పక్షం. లోకానికి పట్టని సంగతే గానీ, మాకు అంతకు మించింది లేదు.

"నీ కోబాల్ ముసల్దైందిరా. ఒక్క కూడికకు పెండ్లి పత్రిక రాసినంత రాయాలె."

"నీ సి ల ఏమున్నది బావా, బ్రాకెట్లు, చుక్కలు. వారమైతే నువ్వు రాసింది నీకే సమజ్ గాదు."

ఆ రోజు పరీక్ష. విద్యార్థుల మార్కులు కూడి సగటు చెప్పే ప్రోగ్రాం చెరొక భాషలో రాసి, ప్రింటు తీసుకుని వెళ్తున్నాం. అంచుల్లో చిల్లులున్న పొడవాటి మడతల కాగితం. దాన్ని బస్సులో ఒళ్లో పరుచుకుని (కొంత పక్కాయన ఒళ్లో కూడా) ఎవరిది మేలో తేల్చుకుంటుండగా, జగిత్యాల ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపారు. అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, వెతుకులాట. అది మామూలే, వయసు కుర్రవాళ్లను దింపడమూ మామూలే. దిగినవాళ్లలో కొందరు సాయంత్రానికి ఇల్లు చేరేవారు. కొందరి కోసం ఇంట్లోవాళ్లు ఠాణా ముందు కూర్చునేవారు.

ఎస్సై బస్సెక్కి మొదట నా కాగితం చూశాడు. కోబాల్ ఇంగ్లీషు వాక్యాల్లాగే ఉంటుంది. మార్కులను మొత్తంలో కలుపు అని రాస్తే కలుపుతుంది. చదివి తల ఊపాడు. తర్వాత బావ కాగితాన్ని నిలువుగా, అడ్డంగా తిప్పి చూశాడు.

"గీ గీతలేందిరా? ఎవలికి పంపుతున్నవ్?"

"ఎవలికి లేదు సార్, కంప్యూటర్‌కే."

"గా పిలగానిది సక్కగనే ఉన్నది గద! నీదే గిట్లెందుకున్నది? చదువు."

బావ వేలు పెట్టి చదివాడు. "మొదటి పోరడు, సున్నా నంబరు సార్..."

"సున్నా ఏంది?"

"సి ల సున్నా నుంచే లెక్కవెడ్తరు సార్."

"మరి ఒకటి ఏం పాపం చేసింది? సున్నా నుంచి లెక్కవెట్టెటోన్ని నేనింతవరకు సూడలే. దిగు."

బావ దిగాడు. ముఖం నవ్వుతూనే ఉంది గానీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టేశాడు. నేనూ దిగాను. "గిదీ గదీ ఒక్కటే సార్," అంటూ జీపు బానెట్ మీద కాగితం పరిచి, బావ రాసిన ప్రతి వరుస పక్కన నా కోబాల్ వాక్యాన్ని పెన్నుతో రాశాను. అంత అందంగా పరీక్షలో కూడా రాయలేదు. ఎస్సై రెండూ పోల్చి చూసి, "మొదాలే గిట్ల రాస్తే ఏమైతుండెరా?" అని బావ వీపు మీద ఒకటి చరిచి, "పోండ్రి" అన్నాడు.

ఆగి ఉన్న బస్సు మళ్లీ ఎక్కాం. జగిత్యాల పొలిమేరలో బావ అన్నాడు: "అయినా సి నే మంచిదిరా. సగం కాయితమే వట్టింది."

తర్వాత ఎన్నో భాషలు వచ్చాయి. ప్రతి కొత్తదాన్నీ బావే ముందు నేర్చుకుని ఫోన్లో పొగిడేవాడు. పని త్వరగా అవుతుందని, తప్పులు ముందే తెలుస్తాయని అనేవాడు, నేనూ ఒప్పుకున్నాను. ఈమధ్య వచ్చినవాటిలో కొన్ని మామూలు ఇంగ్లీషులా చదువుకోవచ్చు. "గది మా కోబాల్ ఎప్పుడో చేసింది," అని నేనంటే, "లెక్క మాత్రం ఇంకా సున్నా నుంచేరా," అని నవ్వేవాడు. కానీ ఏ భాషలో రాసినా, ప్రతి నాలుగు వరుసలకూ ముందు అవి చేసే పనిని సాదా మాటల్లో రాసేవాడు. ఎందుకని అతని ఆఫీసులో పనిచేసే పిల్లలు అడిగితే, "ఎస్సై సార్ కోసం," అనేవాడట. వాళ్లకు అర్థమయ్యేది కాదు.

బావ పోయి రెండేళ్లయింది. నా చాయ్ నేనే తాగుతున్నాను. ప్రోగ్రాంను కాగితం మీద ప్రింటు తీసి, బస్సులో ఒళ్లో పరుచుకుని ఇప్పుడెవరూ చదవడం లేదు.