ఇన్‌స్పెక్టరు వేషం వేసిన పంతులమ్మ

నవ్వకూడదు, ముందే చెబుతున్నా! మొన్న సోమవారం నేను వెలగబెట్టిన నిర్వాకానికి ఒక పసిపిల్ల తల్లికి దూరమైపోయేది. ఇంకా నా గుండెదడ తగ్గలేదు.

మా రెండో క్లాసులో హసీనా ఉంది కదా, చెవులు సరిగ్గా వినపడని పిల్ల. బెజవాడ నుంచి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారన్నారు. తల్లినీ టీచర్నీ కూర్చోబెట్టి మాట్లాడి, పిల్లని తిరువూరు బడిలోనే ఉంచాలో, ఎక్కడో దూరాన చెవిటిపిల్లల హాస్టలుకి పంపాలో ఆయన తేలుస్తారట. తల్లి రాకపోతే హాస్టలే ఖాయమన్నారు హెడ్మాస్టరుగారు. ఆ తల్లి జైబూ. ఇంట్లో జాకెట్లు కుట్టుకునే మనిషి, ఆఫీసర్ల ఎదుట నోరు విప్పి ఎరగదు.

నేను నేర్పుతానన్నాను! ఆదివారం మా ఇంటికి రప్పించి రిహార్సల్ పెట్టాను. ఇన్‌స్పెక్టరు నేనే. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, స్కేలుతో బల్ల మీద ఠపీమని కొట్టి, "ఏమ్మా, వినపడని పిల్లకి చదువెందుకు?" అని గద్దించాను. పాపం, నేర్పిన జవాబులన్నీ అప్పజెప్పింది. నేను పొంగిపోయాను.

సోమవారం పదిన్నర. ఇన్‌స్పెక్టరుగారు వచ్చేశారు. జైబూ లేదు! వాళ్ళింటికి పరిగెత్తితే తాళం. "పిల్లని తీసుకుని పెనుగొలను పుట్టింటికి పోతోందండి, ఇప్పుడే బస్టాండుకి వెళ్ళింది" అంది పక్కింటావిడ. నా పైప్రాణాలు పైనే పోయాయి! కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బజారంతా పరుగు. బస్సు కదులుతోంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. డ్రైవరు ఏమన్నాడో మాత్రం అడక్కండి.

"దిగవే జైబూ!"

"నేను రానండి పంతులమ్మగారూ. ఉత్తుత్తికే మీరంత కోప్పడ్డారు, అసలాయన ఇంకెంత కోప్పడతాడో!"

చేతులు పట్టుకుని బతిమాలి దించాను.

తీరా చూస్తే ఆయన ఎంత మెత్తటి మనిషో! "పిల్లకి ఎలా చెబితే అర్థమవుతుందమ్మా?" అనడిగారు. నేను నేర్పినవాటిలో ఇది లేదు. ఇక అయిపోయిందనుకున్నాను. జైబూ తడుముకోలేదు.

"ఎదురుగా కూర్చుని, మన మొహం కనపడేలా మెల్లిగా మాట్లాడితే అన్నీ తెలుస్తాయండి. దూరంనుంచి ఎంత అరిచినా తెలీదు."

ఆయన నావైపు తిరిగారు. "క్లాసులో ఎక్కడ కూర్చోబెడుతున్నారు టీచర్‌గారూ?"

ఆ తల్లికి అన్ని జవాబులు నేర్పాను గానీ, నన్ను కూడా ఏదైనా అడుగుతారని తోచలేదు!

"ఆఖరి వరసలో సార్... పొడుగు పిల్ల కదా అని..."

సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి జైబూయే అందుకుంది. "రేపట్నుంచి ముందు కూర్చోబెడతారండి. మా పంతులమ్మగారు మంచావిడే, చెబితే వింటారు."

హసీనా ఇక్కడే ఉంటోంది, నాకదే చాలు. కానీ ఆయన ఆర్డర్లో ఒక ముక్క రాసి వెళ్ళారు. తల్లి నెలనెలా బడికి వచ్చి, పిల్లకి ఎలా చెప్పాలో టీచరుకి నేర్పాలట! ఎల్లుండే మొదటిసారి వస్తోంది. నిన్నటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.