గుద్దింది గురుడా?

ఉదయగిరిలో బట్టల కొట్టు నడిపే ఒక పెద్దాయన ఉండేవాడు. టీవీలో ఏ బాక్సర్ గెలిచినా బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టి, "వాడికి ఊరికే పేరొచ్చినాదిరా! గుద్దింది వాడు కాదు, గురుడు" అనేవాడు. ఓడినవాణ్ని మాత్రం, "పాపం, శని అడ్డమొచ్చినాడు. లేకుంటే వాడే మొనగాడు" అని ఆకాశానికెత్తేవాడు.

"వాళ్ల చెమటకి విలువ లేదా అన్నా?" అని నేను వాదిస్తే, "నీకు దేవుడన్నా భయం లేదు, గ్రహాలన్నా భయం లేదు" అని నవ్వేసేవాడు.

ఆయన కూతురు కొట్టు వెనక గదిలో బట్టల మూట వేలాడదీసి రోజూ గుద్దేది. ఒక సోమవారం పొద్దున తొమ్మిదికి ఆత్మకూరులో జిల్లా బాక్సింగ్ జట్టుకు ఎంపికలు. రాహుకాలం పోయేదాకా ఆయన తలుపుకు గడియ పెట్టి పిల్లను గడప దాటనివ్వలేదు. వాళ్లు బస్సెక్కి చేరేసరికి ఎంపిక ముగిసిపోయింది.

మర్నాడు మళ్లీ అవే కణుపులు. "దానికి రాసిపెట్టి లేదబ్బా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "రాసిందెవురు? గడియ పెట్టింది నువ్వు కాదా?" అని అరిచాను.

ఆయన నోరు తెరిచేలోపే వెనక గదిలో మూట మీద దెబ్బ పడింది. ఆ వెంటే పిల్ల గొంతు: "నాయనా, ఇది ఏ గ్రహం గుద్దిందో లెక్కపెట్టి చెప్పు!"