మా బాపు తెరిచి చూసిన పాట

ఇంటర్నెట్ ఇంకా తీగ పట్టుకుని ఇంట్లోకి వచ్చే రోజులు అవి. ఒక్క పాట దిగాలంటే అన్నం ఉడికి, అందరం తిని, గిన్నెలు కడుక్కునేదాకా ఆగాలి. ఇప్పుడు మా పిల్లలు వేలు తగిలిస్తే సినిమా మొత్తం వచ్చి ఒళ్లో పడుతోంది, అయినా ఆలస్యమైందని ముఖం మాడ్చుకుంటారు. వాళ్లను చూసినప్పుడల్లా నాకు మా ఊరు పాల్మాకులలో మా ఇంటి ముందరి గది, అందులో దుప్పటి కప్పుకుని కూర్చునే కంప్యూటర్ గుర్తొస్తాయి. (దుమ్ము పడకుండా అని అమ్మ చెప్పేది. దిష్టి తగలకుండా అని నా అనుమానం.) నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను, కంప్యూటర్ గురించి ఇంట్లో నాకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదనే గర్వంలో కూడా ఉన్నాను.

పక్కనే శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా వచ్చింది. బాపు వ్యవసాయం తగ్గించుకుని అక్కడ సెక్యూరిటీ డ్యూటీలో చేరాడు. ప్రయాణికుల బ్యాగులు మిషన్‌లోంచి పోతుంటే తెర మీద చూడటం ఆయన పని. ఆ యూనిఫాం వేసుకున్నప్పటి నుంచి లోకంలో ప్రతి సంచీ ఆయనకు అనుమానంగానే కనబడేది. అమ్మ అంగడికి పోయి వస్తే గడపలోనే ఆపేవాడు.

"సంచి నువ్వే సర్దినవా? మధ్యల తెల్వనోళ్లు ఏమన్న ఇచ్చిండ్రా?"

"వంకాయలమ్మే ఆమె వంకాయలిచ్చింది. లోపట పెట్టుమంటవా, వాపస్ ఇచ్చి రమ్మంటవా?" అని అమ్మ సంచీ ఆయన ఒళ్లోనే వదిలేసి వంటింట్లోకి పోయేది.

ఆ కంప్యూటర్‌లో మాకొక నిధి ఉండేది. మా నాయనమ్మ గొంతు. నాట్లేసేటప్పుడు పాడుకునే పాట ఒకటి పాడవే అని బాపు తన ఫోన్ ఆమె ముందు పెట్టాడు. రెండు చరణాలు బాగానే పాడింది. మూడోది ఎత్తుకునేసరికి మేక వచ్చి ఆరబెట్టిన మామిడి ముక్కల్లో మూతి పెట్టింది. ఇక అక్కడి నుంచి పాట లేదు, మేకకూ మేకను కట్టేయని బాపుకూ కలిపి తిట్లే. ఆ ఏడు వానాకాలంలోనే నాయనమ్మ పోయింది. తర్వాత కొన్నాళ్లకు ఆ ఫోన్ కూడా హిమాయత్ సాగర్ కట్ట మీద బాపు జేబులోంచి జారి నీళ్లలో పడింది. అంతకుముందే నేను కంప్యూటర్‌లో ఎక్కించాను కాబట్టి ఆ గొంతు మిగిలింది. డ్యూటీ నుంచి రాగానే, బూట్లు కూడా విప్పకుండా కూర్చుని "పెట్టు బిడ్డా" అనేవాడు. "నెత్తిల గుజ్జున్నదారా, మేకను ఇడిసిపెట్టి ఫోన్ పట్టుకున్నవ్" అనే చోటికి రాగానే, మొదటిసారి విన్నట్టు, "నన్నే అంటున్నది" అని మురిసిపోయేవాడు.

ఇంతలో కాలేజీలో ఎవరో ఫైల్ షేరింగ్ గురించి చెప్పారు. ఎక్కడెక్కడి మనుషులో తమ కంప్యూటర్లు తెరిచి పెడతారట, మనకు కావలసిన పాట ఒక్కో ముక్క ఒక్కొక్కరి దగ్గర నుంచి వచ్చి మన ఇంట్లో అతుక్కుంటుందట. ఈ వింత ఇంట్లో చెప్పకుండా నేను నోరు మూసుకుని ఉండవలసింది. వివరించి చెప్పాను.

"అంటే తెల్వనోళ్లు ఇచ్చిన సామాన్ తీసుకుంటున్నవ్" అన్నాడు బాపు. "నేను పొద్దంత ఎయిర్‌పోర్టు మైకులో ఏం ఇంటున్న? నువ్వు ఇంట్ల ఏం చేస్తున్నవ్?"

"మరి మనం వాళ్లకేం ఇస్తున్నం?" అంది అమ్మ.

"ఏం ఇయ్యకున్నా నడుస్తది అమ్మా."

అమ్మకు అది నచ్చలేదు. పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే అందులో కనీసం చిటికెడు చక్కెరైనా వేసి పంపుతుందే తప్ప, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడం మా ఇంటా వంటా లేదు. "ఊరందరి తాన తిని మూతి తుడుసుకుంటమా? అత్తమ్మ పాట పెట్టు."

"సగం తిట్లే కదనే" అన్నాడు బాపు.

"తింటరో పారేస్తరో వాళ్లిష్టం. గిన్నె ఖాళీ పోవద్దు."

"నకలే పోతది బాపూ, అసలు మన తాననే ఉంటది" అని, పాట చేజారిపోతుందని భయపడ్డ బాపును ఒప్పించేసరికి నా తాతలు దిగివచ్చారు. ఒప్పుకున్నాడు, నేను "నాయనమ్మ పాట" అని పేరు పెట్టి పంచాను. కానీ ఆయన ఒక షరతు పెట్టాడు. లోపలికి వచ్చే ప్రతి ఫైలూ ముందు ఆయన చెక్ చేయాలి.

మరుసటి రోజు నుంచి మా ముందరి గది మా గదిలా లేదు. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు నా పిన్నులూ గాజులూ పెన్నూ ప్లాస్టిక్ తట్టలో పెట్టాలి. (తట్ట ఖాళీగా కనబడితే అమ్మ అందులో ఉల్లిగడ్డలు పోసేది. బాపు వాటినీ ఒక్కొక్కటీ తిప్పి చూసేవాడు.) పాట దిగగానే "బరువెంత?" అని అడిగేవాడు. నేను సైజు చెప్పేదాన్ని. తల ఊపితే తెరవాలి. అలా ఉండగా ఒక రోజు మరీ తేలికైన పాట ఒకటి దిగింది. పేరు చివర పాటలకుండే అక్షరాలు లేకపోవడం చూడగానే నాకు అర్థమైంది.

"బాపూ, ఇది పాట కాదు. వైరస్. ముట్టకుండ తీసేద్దాం."

"చూడకుండ ఎట్ల తీసేస్తం? అనుమానం వచ్చిన బ్యాగ్ తెరిచి చూడాలె. అది రూల్."

"దిగినంత మాత్రాన ఏం కాదు. తెరిస్తేనే కొంప మునుగుతది."

"ఓనర్ ముందట తెరుద్దాం."

"ఓనర్ యాడున్నడో ఎవరికెరుక?"

"అయితే సాక్షిని పిలువు."

పిండి చేతులతో అమ్మ వచ్చి నిలబడింది. బాపు నన్ను గడప అవతల నిలబెట్టి, టోపీ సర్దుకుని, డ్యూటీలో వాడే రబ్బరు గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఆ గ్లవ్స్‌తోనే మౌస్ పట్టుకుని నొక్కాడు. ఏమీ కాలేదు. "క్లియర్" అన్నాడు నా వైపు తిరిగి. ఆయన వెనకాల తెర మీద ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే మాయమైపోయాయి. కంప్యూటర్ తనంతట తానే ఆగి, మళ్లీ లేచి, మళ్లీ ఆగిపోయింది.

బాపు గ్లవ్స్ విప్పలేదు. "అమ్మ పాట?" అన్నాడు. 

శంషాబాద్‌లో మెకానిక్ అన్న చూసి, "మొత్తం తుడిచెయ్యాలె. పాతవి రావు" అన్నాడు. బాపు కంప్యూటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాడు. ఆ తర్వాత కూడా డ్యూటీ నుంచి వచ్చి బూట్లతోనే కూర్చునేవాడు, అలవాటు కొద్దీ. పెట్టమని మాత్రం అనేవాడు కాదు. "ఎవలెవలియో బ్యాగులు కాపాడుతున్న, మా అమ్మ గొంతును కాపాడుకోకపోతి" అని ఒకనాడు అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

వెల్లుల్లి ఒలుస్తున్న అమ్మ తల కూడా ఎత్తకుండా, "అందరికి పంచితిమి గద, ఎవలన్న ఉంచుకోలేదా?" అంది.

గర్వమంతా దిగిపోయి గుడ్లప్పగించి చూశాను. అదే షేరింగ్ ప్రోగ్రాం మళ్లీ ఎక్కించి, నాయనమ్మ పాట అని కొట్టి వెతికాను. చాలాసేపు ఏమీ లేదు. ఆఖరికి ఒకే ఒక్క పేరు కనబడింది. ఏ దేశమో, ఆడో మగో తెలియదు. వాళ్ల దగ్గర ఉంది. ముక్క ముక్కగా దిగడం మొదలైంది. అది దిగేదాకా ముగ్గురం తిండి మాట ఎత్తలేదు.

పూర్తయ్యాక తెరవబోతే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. బరువెంత?"

చెప్పాను. అప్పటిదే, సరిగ్గా సరిపోయింది.

"ఎవలు సర్దిండ్రు?"

"నాయనమ్మ."

"మధ్యల తెల్వనోళ్ల చేతుల పడ్డదా?"

"పడ్డది బాపూ. పడ్డది కాబట్టే దొరికింది."

నా చెయ్యి వదిలి "పెట్టు" అన్నాడు. రెండు చరణాలు, మేక, తిట్లు, అన్నీ వచ్చాయి. "నన్నే అంటున్నది" అంటూ బాపు టోపీతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు నేను కంప్యూటర్ల ఉద్యోగమే చేస్తున్నాను. షేరింగ్‌లో దించితే వైరస్ వస్తుందా అని ఎవరైనా అడిగితే, ఎందుకు రాదు, తెలియనివాళ్లు ఇచ్చింది తెరవకండి అని అచ్చం బాపులాగే చెబుతాను. ఆ తెలియని మనిషి ఒక ముసలమ్మ మేకను తిట్టడం ఎందుకు దాచుకున్నారో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు. పాట దొరికిన ఆ రోజు అమ్మ ఊరుకుందా, "గంత మంచి మనిషికి ఏం పంపుదాం?" అని, అప్పట్లో మేక తినగా మిగిలిన మామిడి ముక్కలతో తొక్కు ఎట్లా పెట్టిందో తనే పాఠంలా చెప్పి రికార్డు చేయించింది. అదీ పంచిపెట్టాను. ఎవరైనా ఉంచుకున్నారో లేదో ఎప్పుడూ వెతకలేదు. అమ్మ వంటింట్లోనే ఉంది, ఉప్పు తక్కువైందని ఇప్పుడే నన్ను తిడుతోంది కూడా.