కింది పేట ఇంటి వంతు

మా చర్చికి కొత్త అయ్యగారు వచ్చింది జూన్ రెండో ఆదివారం. కర్నూలు నుంచి ఒక్కరే వచ్చారు. పిల్లవాడి బడి మార్పించే పని మిగిలి ఉందని, భార్య జులై చివర్లో వస్తుందని చెప్పారు.

మాది మైదుకూరు దారిలో చిన్న ఊరు. ఒంటరిగా వచ్చిన పాస్టరుకు ఇక్కడ సంఘమే మధ్యాహ్న భోజనం పెడుతుంది, రోజుకొక ఇల్లు. క్యారియర్ పంపితే చాలదు. ఆయన ఇంటికి రావాలి, లోపల చాప మీద కూర్చోవాలి, ఆ ఇంటి కోసం ప్రార్థన చేసి తినాలి. వంతులు చూసేది నేను. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, వరస తప్పనివ్వనని నాకు అప్పగించారు. చర్చి పక్క ఇంటితో మొదలు. ఎవరి వంతయినా తప్పిపోతే అది వరస చివరికి పోతుంది. మధ్యలో ఒకరితో ఒకరు మార్చుకోకూడదు. ఈ నియమం నేను పెట్టిందే. మొదటి ఆదివారం అందరి ముందూ చదివి వినిపించాను.

సంఘంలో ముప్పై ఒక్క ఇళ్లు. ముప్పై మావి, పై పేటవి. కింది పేటది ఒక్కటే. వాళ్ల కులం వేరు. ఊళ్లోని పెద్ద కులాల కళ్లకు రెండు పేటలూ ఒకటే, హోటల్లో ఇద్దరికీ గ్లాసులు విడిగానే పెట్టేవాళ్లు. మా కళ్లకు మాత్రం మేము ఒకటి కాదు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా కాదు.

కింది పేట ఇంటావిడ ఇళ్లు కట్టే బేల్దారి పనికి కూలికి పోతుంది. చర్చికి రావడం మొదలుపెట్టాక ఒక్క ఆదివారం మానలేదు. ఆ ఇంటి లోపలికి ఇంతవరకూ ఏ పాస్టరూ పోలేదు. పాత అయ్యగారు చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడి ప్రార్థన చేసి వచ్చేవారు. కొత్తాయనైనా గడప దాటి తన చేతి కూడు తినాలని ఆమె ఆశ. ఆ మాట నాతోనే అంది.

వంతులు చదివిన సాయంత్రమే సంఘ పెద్ద మా ఇంటికి వచ్చాడు.

"ఏమక్కా, ఆ యింటిది గూడా చదివితివే?"

"సంఘంలో ఉండాది గదప్పా, చదవకుండా ఎట్ల?"

"కొత్తాయన. ఆయప్పకు ఈడి పద్ధతులు తెలీవు. కొన్నాళ్లు పోనీ."

"నీ యింట్లో తినేదానికైతే పద్ధతి తెలుసునా ఆయప్పకు?"

"నీతో మాట్లాడేకంటే ఈ గోడతో మాట్లాడేది మేలు," అని లేచి పోయాడు.

అయ్యగారి మీద మొదట్లో నాకు మంచి అభిప్రాయమే. వాకిట్లో కంపచెట్లు తామే కొట్టుకున్నారు. మా ఇంట్లో తిన్న రోజు కారానికి ముక్కు తుడుచుకుంటూనే, "ఇంకొంచెం వెయ్యండి టీచరుగారూ" అన్నారు. ఈయన గడప దాటుతారనే అనుకున్నాను.

ఆమె వంతు ఒక గురువారం వచ్చింది. ముందురోజు పని మానుకుని ఇంటికి సున్నం కొట్టుకుంది. గుడ్లు పెట్టే కోడిని కోసింది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి పిలవడానికి పోయాం. సంఘ పెద్ద అప్పటికే పాస్టరు ఇంటి అరుగు మీద ఉన్నాడు.

"అయ్యగారూ, కూడు అయింది, రాండి," అందామె.

"ఈ రోజు ఉపవాసంలో ఉన్నానమ్మా. మీ ఇంటి కోసమే."

"ఉపాసమైతే మానె. వచ్చి రోన్ని నీళ్లన్నా తాగిపోండి."

"నీళ్లు కూడా ముట్టనమ్మా."

పక్కన పెరటి గోడ మీద కడగని పళ్లెం ఉంది. ఉగ్గాని తిన్న పళ్లెం, అంచున పుట్నాల పొడి ఇంకా తడిగానే ఉంది. నేను చూశాను. ఆమె కూడా చూసింది.

"అయితే రేపు రండి," అన్నాను.

"రేపు వేరే ఇంటి వంతు కదా టీచరుగారూ. తప్పిన వంతు చివరికే పోవాలని చదివింది మీరే కదా."

సంఘ పెద్ద తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు, నవ్వు కనిపించకుండా.

ఆమె వెనకే కింది పేటకు నడిచాను. ఆమె వాకిట్లో నిలబడి, "నేను తింటాను, పెట్టు," అన్నాను.

"వద్దు టీచరమ్మా. నువ్వు తింటే నా వంతు అయిపాయ అంటారు. నాది అయిపోలేదు. కూర పిల్లోల్లు తింటార్లే, నువ్వు పో."

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి బయట నన్ను ఆపి ఇంకా ఎన్ని ఇళ్లు ఉన్నాయని అడిగేది. నేను లెక్క చెప్పేదాన్ని. చివరికి ఆమె వంతుకు ముందురోజు రాత్రి అయ్యగారి భార్య వచ్చేసింది. పాస్టరు ఇంట్లో పొయ్యి వెలిగాక వంతులు ఉండవు, అది మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పిల్లవాడి బడి పని ఇంకా తెమలలేదని, ఆయన వెంటనే రమ్మని ఫోన్ చేస్తే ఉన్నపళాన బయలుదేరానని అయ్యగారి భార్యే నాతో చెప్పింది. ఎందుకు రమ్మన్నారో ఆమెకు తెలిసినట్టు లేదు.

ఆ ఆదివారం ఆరాధన చివర్లో అయ్యగారు భార్యను పరిచయం చేసి, సంఘానికి కృతజ్ఞతలు చెప్పారు. "ఈ సంఘంలో ప్రతి ఇంటి ఉప్పూ తిన్నాను," అన్నారు.

స్త్రీల వైపు వెనక వరసలో కింది పేట ఇంటావిడ లేచింది.

"మా యింటిది మిగిలింది అయ్యగారూ."

గొంతు పెద్దది చేయలేదు. అయినా అందరికీ వినబడింది. అయ్యగారు పాటల పుస్తకం తెరిచారు. నేను లేచి "నిజమే" అనేలోపు సంఘ పెద్ద సైగ చేశాడు, కీబోర్డు మొదలైంది. పాటకు అందరూ నిలబడాలి. నిలబడ్డారు. ఆమె ఎక్కడ ఉందో ఇక కనబడలేదు. ఎప్పుడూ రెండు చరణాలతో ఆపే పాట అది. ఆ రోజు ఆరూ పాడించారు. పాట అయ్యాక మమ్మల్ని కూర్చోమనకుండానే ఆశీర్వాదం చెప్పేశారు.